గేటు దగ్గర మూగనోము

లా మెసా, న్యూ మెక్సికో
ఫిబ్రవరి

అన్నయ్యా,

నీకు ఫోను లేదు, ఎవరైనా పెట్టిచ్చినా నువ్వు ఎత్తవు. అందుకని ఈ కబురు ఉత్తరంలోనే చెప్పాల్సి వస్తోంది. మీ బావ అన్సెల్మోని ఇంటికి రానివ్వలేదు.

ఎప్పుడో వయసులో ఉన్నప్పుడు కాగితాలు లేకుండా నది దాటినందుకు పెట్టుకున్న క్షమాపణ అర్జీ కిందటేడే మంజూరైంది కదా. ఇక మిగిలింది సరిహద్దు అవతల, మెక్సికో వైపు హ్వారెజ్‌లో అమెరికా కాన్సులేటు వాళ్ళ చివరి ఇంటర్వ్యూ ఒక్కటే. ఇస్త్రీ చొక్కా వేసి, సరిహద్దు వంతెన దాకా దింపి వచ్చాను. వారంలో వీసాతో వెనక్కొస్తాడని ఆదివారానికి మేకమాంసం కూడా తెచ్చిపెట్టాను. అక్కడి అధికారి అన్సెల్మోని ఏమీ అనలేదట. నన్ను అన్నాడు. నా ఆదాయం చాలదట.

రెండేళ్ళు వరసగా తోటలో చిగురు మీద మంచు కొట్టింది, కాలవ నీళ్ళు సగానికి కోశారు, పెకాన్ కాయ అమ్మితే కూలి డబ్బులు కూడా రాలేదు. తోట విలువ లెక్కలోకి తీసుకోండి అంటే అది బ్యాంకు తాకట్టులో ఉందిగా అన్నారు. మొగుణ్ణి పోషించలేనిదానికి మొగుణ్ణి ఎలా ఇస్తామన్నట్టుంది వాళ్ళ వరస. పద్దెనిమిదేళ్ళుగా ఈ తోటనీ నన్నూ పోషిస్తున్నది ఆయనేనని ఎవరికి చెప్పుకోను?

ఇప్పుడు ఇంకొకరెవరైనా పూచీ పడాలి. ఈ దేశపు పౌరుడై ఉండాలి, సరిపడా ఆదాయం ఉండాలి, దానికి రుజువుగా పన్ను దాఖలు చేసిన కాగితం జతచెయ్యాలి. ఏడాది గడువిచ్చారు. ఏడాది దాటితే ఆ క్షమాపణ కూడా చెల్లదు. మళ్ళీ మొదటికొస్తుంది. మొదటికి రావడమంటే పదేళ్ళని లాయరమ్మ చెప్పింది. మీ బావకి అరవై దాటాయి.

ఇరుగుపొరుగు అందరినీ అడిగాను. పూచీ అంటే ఏళ్ళ తరబడి మెడకి చుట్టుకునే వ్యవహారమని తెలిసి ఒక్కొక్కరే వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. నువ్వు పన్ను కాగితాలు దాఖలు చెయ్యవని నాకు తెలుసు. ఆలస్యంగా ఇచ్చినా తీసుకుంటారట, జరిమానా ఉంటుందట. నీ కలపమిల్లు రాబడి ఈ పూచీకి ఎక్కువే. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరన్నయ్యా. సంతకం పెట్టు.

వెర్నా


ఆల్డర్‌బ్రూక్, న్యూ హాంప్‌షైర్
మార్చి

చెల్లీ,

ఇక్కడ మంచు కరిగి దారులన్నీ బురద. నీ ఉత్తరం పోస్టాఫీసులో నాలుగు రోజులు పడుందట. చదివి ఒళ్ళు మండిపోయింది.

బావకి జరిగింది అన్యాయమని చెప్పడానికి నాకు కొత్త మాటలు అక్కర్లేదు. పాతికేళ్ళుగా నా పత్రికలో అవే రాస్తున్నాను. ఆ పత్రికకి ‘గడప’ అని పేరు పెట్టిందే అందుకు. నీ గడప నీది. నీ గడపలోకి ఎవరొస్తారో నువ్వు చెప్పాలి, వాషింగ్టన్‌లో కూర్చున్నవాడు కాదు. పని ఇచ్చేవాడికీ చేసేవాడికీ ఒప్పందం కుదిరాక, అద్దెకిచ్చేవాడికీ ఉండేవాడికీ కుదిరాక, పెళ్ళాడేవాళ్ళిద్దరికీ కుదిరాక, మధ్యలో ఈ మూడోవాడెవడు? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ప్రభుత్వమంటే అంతే.

కానీ నువ్వడిగింది ఏమిటో ఒకసారి ఆలోచించు. ఆ కాగితం మీద నేను సంతకం పెడితే, మా బావ మా చెల్లెలింటికి రావడానికి మీ అనుమతి కావాలి దొరా అని ఒప్పుకున్నట్టు. దానికి జత చేసే పన్ను కాగితం ఇంకా ఘోరం. నా కష్టంలో వాటా అడిగే హక్కు వాళ్ళకి లేదని ఏటా మార్చిలో ఊరి సభలో లేచి చదువుతాను. ఈ మంగళవారం కూడా చదివాను. మా వాళ్ళు బల్లలు చరిచారు. ఆ బల్లల చప్పుడు చెవుల్లో ఉండగానే ఇంటికొచ్చి, దొంగచాటుగా ఆ ఫారాలు నింపమంటావా?

సభలో లైమన్ కాఫ్రిన్ కూడా లేచాడు. “పిలవని పేరంటానికి ప్రపంచమంతా వస్తే వడ్డించేది ఎవరయ్యా? రోడ్డు మన డబ్బుతో వేసింది, బడి మన డబ్బుతో నడిచేది. డబ్బిచ్చినవాళ్ళకి తలుపు వేసుకునే హక్కు లేదా?” అన్నాడు. తనూ స్వేచ్ఛావాదినేనని చెప్పుకుంటాడు చూడు, అదీ విడ్డూరం. తొమ్మిదేళ్ళ కిందట మా స్వేచ్ఛావాదుల గుంపుని రెండు ముక్కలు చేసిన మాట అదే. అదే మాట వ్యాసంగా రాసిస్తే నా పత్రికలో వెయ్యనన్నానని అప్పటినుంచి నా వీధిలో నడవడు. నేనూ అతని వీధిలో నడవను.

వేరే దారి చూద్దాం. లొంగకుండా ఉండే దారి.

హాలిస్


లా మెసా
ఏప్రిల్

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది, రెండోసారి నవ్వొచ్చింది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అని ప్రభుత్వాన్ని అన్నావే, ఆ సామెత అద్దం ముందు నిలబడి మళ్ళీ చెప్పు.

నీ పత్రికలు నా దగ్గర అన్నీ ఉన్నాయి. ఒకదాంట్లో నువ్వే రాశావు: “పిలిచినవాడే పూచీ పడితే చాలు, దేశం మొత్తం పూచీ పడక్కర్లేదు.” సరే, నేను పిలిచాను. నువ్వు పూచీ పడు. వాళ్ళు అడుగుతున్నది కూడా అదేగా? నువ్వు రాసిన మాట వాళ్ళ నోట్లోంచి వచ్చేసరికి చేదైపోయిందా?

ఇంకో సంగతి. ఇన్నాళ్ళూ ఎత్తలేదు. మీ బావ ఎత్తొద్దన్నాడు. ఇప్పుడు ఎత్తుతాను.

నిన్ను ఆల్బుకర్కీలో రైలెక్కించడానికి బయల్దేరిన రోజు గుర్తుందా? ఉత్తరాన హైవే మీద ఆ చెక్‌పోస్టు దాటి అప్పటిదాకా మీ బావ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఈ లోయలో కాగితాలు లేనివాళ్ళందరికీ ఆ గేటుతో లోకం అయిపోతుంది. మనవరాలు పుడితే చూడ్డానికి వెళ్ళనివాళ్ళున్నారు ఇక్కడ. “సరిహద్దు ఎక్కడో వెనకాల ఉంటే, ఇక్కడ ఆపి అడగడానికి వాళ్ళెవరు? రా బావా, నేనున్నాగా” అని భుజం మీద చెయ్యేసి ఎక్కించావు.

ఆ ఆఫీసరు, “అందరూ పౌరులేనా?” అన్నాడు. ముందు సీట్లో ఇద్దరు తెల్లవాళ్ళం. నేను అవునన్నాను. నువ్వు కూడా ఆ ముక్క అంటే చెయ్యూపి పంపేసేవాడు. అప్పటికే చెయ్యి సగం లేపాడు, నేను చూశాను. నువ్వు “నన్నడిగే హక్కు నీకు లేదు” అని, అద్దం పైకెత్తి, చేతులు కట్టుక్కూర్చున్నావు. ఏడాది పొడుగునా వాగే మనిషివి, ఒక్క మాట అనాల్సిన చోట మూగనోము పట్టావు! పక్కకి తీశారు. కుక్కని తెచ్చారు. వెనక తలుపు తెరిచారు. నిన్ను గంటలో వదిలేశారు, నీకు హక్కులున్నాయి కదా. ఆయన్ని తీసుకుపోయారు. ఈ బెయిళ్ళూ అర్జీలూ ఇంటర్వ్యూలూ అన్నీ అక్కడ మొదలైనవే.

“మీ అన్నయ్య చెప్పింది తప్పు కాదు, చెప్పిన చోటు తప్పు” అంటాడు మీ బావ. నాకంత పెద్ద మనసు లేదు.

ఇవాళ మా వంతు నీళ్ళు. ఆయన లేకుండా మొదటిసారి నేనే తూము ఎత్తాను. కింది వరస చెట్లకి నీళ్ళు ఎక్కలేదు. ఎక్కడ గట్టు తెంపాలో ఆయనకి తెలుసు.

వెర్నా


ఆల్డర్‌బ్రూక్
మే

చెల్లీ,

గేటు సంగతి రాశావు. చదివాను.

మా గుంపులో అందరినీ అడిగాను. వడ్రంగి ఆసా, తేనె అమ్మే ఎలైజా, గుర్రపు నాడాలు కొట్టే క్లెమ్, అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనిచేశారు. “ఇదిగో చెయ్యి, ఇక్కడ సంతకం పెట్టనా” అన్నారు. పన్ను కాగితం ఏదర్రా అంటే ఒకడి దగ్గరా లేదు. లేకపోవడమే మా గొప్ప కదా. సరిహద్దులు తెరవమని గొంతు చించుకునే మా ఊళ్ళో, ఒక మనిషిని లోపలికి తెచ్చుకోవడానికి పనికొచ్చే చెయ్యి ఒక్కటి లేదు. ఈ మాట నీకు తప్ప ఎవరికీ రాయను.

స్వేచ్ఛావాదినని చెప్పుకునేవాళ్ళలో అలాంటి కాగితం ఉన్నవాడు ఊరంతటికీ ఒక్కడే. అతని పేరు నా ఇంట్లో ఎత్తం.

డబ్బా ఒకటి పంపుతున్నాను. వెండి నాణేలు. మేం ఇక్కడ కోళ్ళూ కలపా వీటితోనే కొంటాం. నీ ఆదాయం కింద చూపించు.

హాలిస్


లా మెసా
ఆగస్టు

అన్నయ్యా,

నీ డబ్బా తిరిగి పంపుతున్నాను. లాయరమ్మకి చూపిస్తే, “మీ అన్నయ్య ఓడదొంగా?” అని అడిగింది. చాలా రోజుల తర్వాత నవ్వాను, అందుకు మాత్రం థాంక్స్.

ప్రతి ఆదివారం వంతెన దాటి వెళ్తున్నాను. వెళ్ళడానికి చిల్లర వేసి తిరుగుడు గేటు తోసుకుపోతే సరి, నన్నెవరూ ఏమీ అడగరు. తిరిగి రావడానికి ఎండలో వరస. మీ బావ వాళ్ళ మేనమామ కొడుకు టైర్ల కొట్టు వెనక గదిలో ఉంటున్నాడు. చిక్కిపోయాడు. టైర్ల మసి గోళ్ళలోంచి పోవడం లేదు. మట్టి అయితే పోయేది అంటాడు. కిందటి వారం, “వెర్నా, ఇంక ఇన్నిసార్లు రాకు, నిన్ను వెనక్కి పంపాక ఆ సాయంత్రం నాకు గడవడం లేదు” అన్నాడు.

అందుకే ఒక నిర్ణయానికొచ్చాను. ఎల్ పాసో నుంచి ఇళ్ళు కట్టేవాడు ఒకడు వచ్చి తోట చూసుకుని వెళ్ళాడు. చెట్లు కొట్టేసి వరసగా ఇళ్ళు వేస్తాడట. ఈ పంట దులిపాక అమ్మేసి నేనే అవతలికి పోతాను. నన్ను రానివ్వడానికి మెక్సికో వాళ్ళకి అభ్యంతరం లేదు. ఆయన్ని అడిగితే ఒప్పుకోలేదు. “ఆ చెట్ల కోసమే కదా ఇంతకాలం గేటు లోపల ఉన్నది” అన్నాడు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఫిబ్రవరితో గడువు అయిపోతుంది.

నీ పాతికేళ్ళ మాట నిలబడుతుందిలే. నా తోటే పోతుంది.

వెర్నా


ఆల్డర్‌బ్రూక్
సెప్టెంబరు

చెల్లీ,

అప్పుడే తోట అమ్మకు. ఆ ఇళ్ళవాడికి ఇంకా మాట ఇవ్వకు. ఎందుకని అడగకు.

చలి మొదలై చెట్ల ఆకులు ఎర్రబడ్డాయి. మిల్లులో పని ఎక్కువగా ఉంది. కొత్త ‘గడప’ సంచిక వేరే కవరులో వస్తుంది.

హాలిస్


లా మెసా
అక్టోబరు

హాలిస్,

కవరు అందింది. పొలం గట్టు మీద నిలబడే చింపాను. మొదటి పేజీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా లైమన్ కాఫ్రిన్.

నా కళ్ళని నేనే నమ్మలేదు. “పిలవని పేరంటం” అని పెద్ద అక్షరాల్లో శీర్షిక. “ఈ దేశంలో ప్రతి అంగుళం ఎవరో ఒకరి సొత్తు. ఎవరూ పిలవనివాడు ఎక్కడ కాలు పెట్టినా ఎవరో ఒకరి సొత్తు తొక్కినట్టే.” ఇది నీ పత్రికలో! నాన్న పాత అచ్చుయంత్రం మీద, నీ చేత్తో అచ్చువేసిన కాగితం మీద! తొమ్మిదేళ్ళు వెయ్యనని భీష్మించుకున్నది, నా మొగుడు వంతెన అవతల టైర్లకి పంక్చర్లు వేసుకుంటున్న ఈ ఏడే వెయ్యాల్సొచ్చిందా? కింద నీ జవాబు ఒక్క ముక్కా లేదే! వ్యాకరణం తప్పు దొరికినా పేజీడు రాసేవాడివి.

నువ్వు మొండివాడివని తెలుసు. సంతకం పెట్టవని తెలుసు. దానికి నిన్ను తిట్టుకున్నాను గానీ మనసులో ఒక మూల మర్యాద ఉండేది. వీడు పనికిరాడు, కానీ మాట మీద ఉంటాడు అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట కూడా లేదు. అటు పూచీ లేదు, ఇటు సిద్ధాంతమూ లేదు. ఇక మిగిలిందేమిటి? ముసలాడూ కలపమిల్లూ!

మీ బావకి చూపించలేదు. చూపిస్తే, పోనీలే, ఏదో ఇబ్బంది వచ్చుంటుంది అంటాడు. ఆ మాట వినే ఓపిక నాకు లేదు.

ఇక ఉత్తరాలు రాయకు.

వెర్నా


ఆల్డర్‌బ్రూక్
నవంబరు

శ్రీమతి వెర్నా గారికి,

మనకి పరిచయం లేదు. నేను రిటైరైన సర్వేయరుని. మీ అన్నగారి పత్రికలో నా వ్యాసం మీరు చదివే ఉంటారు.

ఈ కవరులో మీ భర్తగారి తరఫున నేను సంతకం చేసిన పూచీ పత్రం, మూడేళ్ళ పన్ను కాగితాలు, పింఛను రుజువు ఉన్నాయి. పన్ను దోపిడీ అన్నదాంట్లో మీ అన్నగారికీ నాకూ భేదం లేదు. దోచుకున్నవాడి దగ్గర రసీదు తీసుకుని దాచుకోవడం మంచిదని నేనంటాను, ఆయన ఒప్పుకోరు.

మీరు ఆశ్చర్యపోవచ్చు. నా వాదన ఎప్పుడూ ఒకటే. పిలిచినవాళ్ళుండాలి, పూచీ పడేవాళ్ళుండాలి. మీరు పిలిచారు, నేను పూచీ పడుతున్నాను. ఇందులో నా మాటకి విరుద్ధమేమీ లేదు.

అయితే ఇది మేలు కాదు. మా దగ్గర ఎవరూ ఎవరికీ మేలు చెయ్యరు. మేలు అంటే ఎప్పటికీ తీరని అప్పని మా అభిప్రాయం. మీ అన్నగారు ఆగస్టు చివర్లో మా ఇంటికొచ్చారు. తొమ్మిదేళ్ళ తర్వాత మా గుమ్మం ఎక్కడం. పొయ్యి దగ్గర టోపీ చేత్తో పట్టుకుని చాలాసేపు వానల గురించి మాట్లాడారు. తర్వాత ఈ పూచీ సంతకానికి వెండి ఇస్తానన్నారు. అక్కర్లేదన్నాను. చలికాలానికి కట్టెలు కొట్టిస్తానన్నారు. నా కట్టెలు నేనే కొట్టుకుంటాను. ఆయన దగ్గర నాకు కావలసింది ఒక్కటే ఉందని ఇద్దరికీ తెలుసు. మూడు సంచికల మొదటి పేజీ, ఒక్క అక్షరం మార్చకుండా, ఆ సంచికల్లో జవాబు రాయకుండా.

ఆయన లేచి వెళ్ళిపోయారు. కంచె దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి, ఆ ఒప్పందం మీద సంతకం పెట్టారు.

మొదటి సంచికకే సగం మంది చందాదారులు మానేశారు. ఆయన స్నేహితులు ఇప్పుడు ఆయన వీధిలో నడవడం లేదు. ఒప్పందం ప్రకారం రెండో సంచిక కూడా వచ్చింది. మీకు ఈ సంగతి చెప్పొద్దని ఆయన అడిగారు. అది ఒప్పందంలో రాసి లేదు. రాసి లేనిదానికి నేను కట్టుబడను.

భవదీయుడు,
లైమన్ కాఫ్రిన్


లా మెసా
జనవరి

అన్నయ్యా,

ఉత్తరాలు రాయొద్దని నీకు చెప్పాను గానీ నేను రాయనని చెప్పలేదు. రాసి లేనిదానికి నేనూ కట్టుబడను.

మీ బావ ఇంటికొచ్చాడు.

వంతెన ఈ చివర నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కానే, కిందటేడు వేసుకెళ్ళిందే, వదులైపోయింది. వచ్చి నన్ను పట్టుకున్నాడు. ట్రక్కు ఎక్కి, “కింది వరసకి నీళ్ళు ఎక్కాయా?” అన్నాడు. లేదన్నాను. ఇంటికి రాగానే, అన్నం కూడా తినకుండా పార పట్టుకుని పోయాడు. నేను వాకిట్లో కూర్చుని ఏడ్చాను. ఏడాదిపాటు ఏడవాల్సింది అప్పుడే ఏడ్చాను.

లైమన్ గారి ఉత్తరం వచ్చాక నీకు రాద్దామని కూర్చుని ఎన్ని కాగితాలు చింపానో. అక్టోబరులో నిన్ను నానా మాటలూ అన్నాను. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి తప్ప. మొండివాడివి. ముందే ఒక్క మాట చెబితే నేను అంతంత మాటలు అనేదాన్నా? అయినా నిన్ను అడగడం దండగ. చెప్పాల్సిన చోట చెప్పకపోవడం నీకు పుట్టుకతో వచ్చిన రోగం.

ఒక సంగతి మాత్రం నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు. నువ్వూ ఆయనా చెప్పేది ఒకటే మాట. పిలిచినవాళ్ళ గడప, పిలిచినవాళ్ళ పూచీ. ఆ ఒక్క మాట మీద తొమ్మిదేళ్ళు వీధులు మార్చుకుని నడిచారు. మగవాళ్ళు ఊరికే కూర్చుంటే ఇంతే.

కాయ ఇంకా సగం చెట్ల మీదే ఉంది. మనుషులు దొరకలేదు. మీ బావ గ్రీన్‌కార్డు నిన్న పోస్టులో వచ్చింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తోటలో తిరుగుతున్నాడు, ఉడతలు అడుగుతాయేమో అన్నట్టు. నిన్ను రమ్మంటున్నాడు. తిరుగు ప్రయాణంలో ఆల్బుకర్కీ రైలుకి తనే దింపుతాడట. నేను వద్దన్నాను. “గేటు అవతల ఎలా ఉంటుందో చూడొద్దా? ఆ రోజు చూసింది జైలుబండి కిటికీలోంచేగా” అన్నాడు.

రా. కానీ దణ్ణం పెడతాను, ఆ గేటు దగ్గర...

నేనేమీ రాయను. నీకు తెలుసు.

వెర్నా


ఆల్డర్‌బ్రూక్
మార్చి

చెల్లీ,

గేటు దగ్గర ఏం జరిగిందో బావ ఇంటికి రాగానే చెప్పే ఉంటాడు. నవ్వుతూ చెప్పుంటాడు. నా మాటల్లో కూడా నీ దగ్గర ఉండాలి.

ముందుగా ఒకటి. నాకు సంతోషంగా ఉందని అనుకోకు. బావ ఇంట్లో ఉన్నందుకు సంతోషమే. మీ వంటింట్లో కూర్చుని, బావ కాయలు పగలగొడుతుంటే నువ్వు తిడుతుంటే, అంత హాయిగా ఎన్నేళ్ళయిందో నేనుండి. కానీ గెలిచింది ఎవరు? ఒక మనిషి తన పెళ్ళాం ఇంటికి రావడానికి ఏడాది పట్టింది. అదీ ముక్కూమొహం తెలియని సర్వేయరు పింఛను చూసి వదిలారు. నేను నా మొదటి పేజీ అమ్ముకున్నాను. మూడో సంచిక కూడా వేశాను. ప్రూఫులు నేనే దిద్దాను, లైమన్‌కి కామాలు పెట్టడం రాదు. ఇన్ని చేసినా ఆ గేటు అక్కడే ఉంది. ఒక్క ఇటుక కదల్లేదు.

దాని దగ్గరికి వచ్చేసరికి మా ముందు నాలుగు బళ్ళున్నాయి. అంతదాకా బావ కబుర్లు చెబుతూనే ఉన్నాడు, ఆ కొండ పేరేమిటి, ఈ దారి ఎటు పోతుంది అని. వరసలో ఆగాం. ఎవరూ అడక్కముందే జేబులోంచి కార్డు తీసి, మోకాలికేసి తుడిచి, చేత్తో పట్టుకున్నాడు.  తన చేతుల్తో నాటిన చెట్ల దగ్గర్నుంచి బయల్దేరిన మనిషి, బడిపిల్లాడిలా పలక పట్టుకుని కూర్చోవడం ఏమిటి?

ఆఫీసరు ఆ కార్డు చూశాడు. సరేనన్నాడు. తర్వాత నా వైపు వంగి, “మీరు పౌరులేనా సార్?” అన్నాడు. మర్యాదగానే అడిగాడు.

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆ రోజుదే. అడిగే హక్కు నీకు లేదు. నీ ఉత్తరం, మాట రాయకుండా నువ్వు పెట్టి వదిలేసిన ఆ చుక్కలు, అన్నీ గుర్తున్నాయి. అయినా నోటిదాకా వచ్చింది. అది నిజం కూడా. ఇప్పటికీ అదే అంటాను, ఆ హక్కు వాళ్ళకి లేదు.

అప్పుడు బావ చెయ్యి చూశాను. కార్డు వెనక్కిచ్చేశారు, అతని పని అయిపోయింది, ఆ గేటుకి ఇక అతనితో సంబంధం లేదు. అయినా స్టీరింగు మీద ఆ చెయ్యి బిగుసుకుపోయి ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. నా వైపు చూడటం లేదు, తిన్నగా ముందుకి చూస్తున్నాడు. భయపడుతున్నది వాళ్ళని చూసి కాదు చెల్లీ. నన్ను చూసి.

అవునన్నాను.

అంతే, ఒక్క ముక్క. ఆఫీసరు చెయ్యూపాడు. బండి కదిలింది. చాలా దూరం పోయాక బావ, “ఏం బావా, నోము ఉద్యాపన అయిపోయిందా?” అన్నాడు. నన్ను కూడా నవ్వించాడు దుర్మార్గుడు. రైలెక్కాక నవ్వు రాలేదు. ఆ ముక్క ఇంకా మింగుడుపడటం లేదు.

నిన్న ఊరి సభలో మామూలుగా లేచి మామూలు కాగితం చదివాను. ఈసారి బల్లలు చరిచినవాళ్ళు తక్కువ. లైమన్ మాత్రం చరిచాడు, ఎందుకో అడగలేదు. వచ్చే నెల మొదటి పేజీ మళ్ళీ నాది. ఆ గేటు పీకెయ్యాలనే రాస్తాను. బావకి కూడా ఒక ప్రతి పంపుతాను.

గేటు దాటాక, కొండ మలుపు తిరిగేసరికి, బావ చెయ్యి వదులైంది. ఆ ముక్క అన్నది దానికోసం. వాళ్ళకోసం కాదు. ఎవరైనా అడిగితే అలాగే చెప్పు.

హాలిస్